తుప్పు పట్టిన ఫెరారీకి 115 కోట్లు: సగంలో ఆగిన ప్రాజెక్ట్‌ను ఎవరు కొంటారు?

ఈ ఎపిసోడ్‌లో ఒక వింత అమ్మకం గురించి మాట్లాడుకుందాం.

2015 ఫిబ్రవరి 6, పారిస్. అక్కడ ప్రతి ఏడాదీ రెట్రోమొబీల్ అని పాత కార్ల పెద్ద ప్రదర్శన జరుగుతుంది. ఆ రోజు అక్కడ 59 కార్లు వేలానికి పెట్టారు. అవి ఎలా ఉన్నాయంటే, చాలావాటికి టైర్లలో గాలి లేదు. ఇంజన్ తిరగదు. కొన్నిటి బాడీ చేత్తో ముడితే రాలిపోయేంత తుప్పు. సీట్లు చిరిగి లోపలి గుర్రపు వెంట్రుకల కూరు బయటికి వచ్చేసింది. వేలం సంస్థ పేరు ఆర్ట్‌క్యూరియల్. వాళ్లు ఆ కార్లను కడగలేదు, తుడవలేదు. ఏ దుమ్ముతో దొరికాయో అదే దుమ్ముతో తెచ్చి లైట్ల కింద పెట్టారు.

అన్నీ అమ్ముడుపోయాయి. ఒక్కటి కూడా మిగల్లేదు. మొత్తం రెండున్నర కోట్ల యూరోలు దాటింది. అందులో ఒక్క ఫెరారీయే 1 కోటి 62 లక్షల యూరోలకు పైగా పలికింది. అప్పటి లెక్కన మన రూపాయల్లో సుమారు 115 కోట్లు. స్టార్ట్ కూడా అవ్వని కారుకి!

నిజానికి ఆ 59 కార్లు ఒక మనిషి మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయిన ప్రాజెక్ట్. ఆయన పేరు రోజర్ బయ్యోన్. ఓడిపోయిన కలకి ఇంత రేటు ఎందుకు వచ్చింది? మరి మామూలు మనిషి షెడ్డులో సగం విప్పి వదిలేసిన స్పోర్ట్స్ కారుకి ఆ రేటు ఎందుకు రాదు? ఈ రెండు ప్రశ్నలకీ జవాబు ఒకే చోట ఉంది. అక్కడికి వెళ్లాలంటే ముందు కొంచెం చరిత్ర తెలియాలి.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు యూరప్‌లో ఖరీదైన కారు కొనే పద్ధతి వేరు. బుగాటీ, డెలాహే, టాల్బో లాగో లాంటి కంపెనీలు చాలాసార్లు చాసిస్, ఇంజన్ మాత్రమే ఇచ్చేవి. పైన బాడీ కట్టడం వేరే వాళ్ల పని. వాళ్లని కోచ్‌బిల్డర్లు అంటారు. పారిస్‌లో సావుత్చిక్ అనే వర్క్‌షాప్ అలాంటిదే. బట్ట కొనుక్కుని మంచి టైలర్ దగ్గరికి వెళ్లి కుట్టించుకున్నట్టు అన్నమాట. అందుకే అప్పటి కార్లలో ఒకదానిలా ఇంకొకటి ఉండదు. ఒక్కో రేకునీ చేత్తో కొట్టి వంపు తెచ్చేవాళ్లు.

యుద్ధం అయిపోయాక ఈ ప్రపంచం కూలిపోయింది. పెట్రోల్ రేషన్‌లో ఇచ్చే రోజులు. ఫ్రాన్స్‌లో పెద్ద ఇంజన్ల మీద పన్ను బాగా పెంచేశారు. జనానికి కావలసింది చిన్న కారు, చవక కారు. 1950లు ముగిసేసరికి డెలాహే కథ అయిపోయింది, టాల్బో లాగో సిమ్కా కంపెనీ చేతిలోకి వెళ్లిపోయింది, సావుత్చిక్ మూతపడింది. మరి అప్పటికే రోడ్ల మీదున్న ఆ కార్ల సంగతేంటి? ఎవరికీ అక్కర్లేదు. పెట్రోల్ తాగేస్తాయి, స్పేర్ పార్టులు దొరకవు, ఫ్యాషన్ పోయింది. తుక్కు కింద తూచి అమ్మేవాళ్లు. ఇవాళ మ్యూజియంలో తాడు కట్టి దూరం నుంచి చూపించే కార్లు ఆ రోజుల్లో కిలోల లెక్కన పోయాయి.

సరిగ్గా ఆ టైంలో రంగంలోకి దిగాడు బయ్యోన్. ఆయనది పశ్చిమ ఫ్రాన్స్‌లో లారీల వ్యాపారం. కార్లంటే ప్రాణం. 1947 పారిస్ మోటర్ షోలో తను సొంతంగా తయారు చేసిన కారునే ప్రదర్శనకి పెట్టాడు. దాని పేరు ‘వాజో బ్లూ’, అంటే నీలి పక్షి. 1950ల మధ్య నుంచి ఈయన పాత కార్లు కొనడం మొదలుపెట్టాడు. తుక్కు వ్యాపారుల దగ్గర నుంచి కూడా తెచ్చాడు. వంద దాటాయి. అన్నిటినీ బాగుచేయించి ఒక మ్యూజియం పెట్టాలన్నది ఆయన కల.

పాత కార్లని పిచ్చి అనుకునే రోజుల్లో ఆ కల కన్నాడు చూడండి, అది గొప్ప విషయం. కానీ కొనడం ఒక్క రోజు పని, బాగుచేయించడం ఏళ్ల పని. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు కదా మనవాళ్లు. పాత కారు విప్పి చూడు అని కూడా చేర్చుకోవచ్చు. 1970ల్లో బయ్యోన్ వ్యాపారం దెబ్బతింది. అప్పుల కోసం 1979లో దాదాపు యాభై కార్లు అమ్మేయాల్సి వచ్చింది. మిగతావి రేకుల షెడ్ల కిందే ఉండిపోయాయి. కొన్ని షెడ్లకి పక్క గోడలు కూడా లేవు. వాన జల్లు కొట్టింది, తీగలు అల్లుకున్నాయి. రోజర్ పోయాడు, తర్వాత ఆయన కొడుకు కూడా పోయాడు. 2014లో మనవల తరం వేలం సంస్థకి కబురు పెట్టింది. ఆ సంస్థ నిపుణులు అక్కడికి వెళ్లి చూస్తే వరసగా 60 దాకా కార్లు.

వాటిలో రెండు మాత్రం ఒక మూసిన గ్యారేజీలో ఉన్నాయి. ఒకటి మసెరాటి ఏ6జీ 2000, ఫ్రూవా అనే డిజైనర్ బాడీ కట్టినది. పక్కనే, మీద పాత పత్రికల కట్టలతో, ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్. 1961 పారిస్ మోటర్ షోలో నిలబెట్టిన కారే ఇది. తర్వాత ఫ్రెంచ్ హీరో అలెన్ డెలాన్ నడిపాడు. షర్లీ మెక్లేన్, జేన్ ఫోండా లాంటి తారలతో ఆయన ఈ కారులో ఉన్న ఫొటోలు ఉన్నాయి. హెడ్‌లైట్ల మీద అద్దం కప్పుతో వచ్చిన ఈ షార్ట్ వీల్‌బేస్ మోడల్ కార్లు ప్రపంచం మొత్తం మీద 37 మాత్రమే. బయ్యోన్ దీన్ని 1971లో కొన్నాడు. వేలానికి ముందు దీని అంచనా 95 లక్షల నుంచి 1 కోటి 20 లక్షల యూరోలు. దాన్ని కూడా దాటేసింది. మసెరాటి 20 లక్షల యూరోలు పలికింది. ఈజిప్ట్ రాజు ఫారూక్ వాడిన ఒక టాల్బో లాగో కూడా ఆ గుంపులోనే ఉంది.

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అనుకుని వదిలేయొచ్చు. ఫెరారీ కాబట్టి పలికింది అంతే అని. అది సగం నిజం. మిగతా సగం ఏంటంటే, బయ్యోన్ ఆ కార్లలో చాలావాటి మీద పని మొదలే పెట్టలేదు. విప్పలేదు. రంగు గీకలేదు. సీట్లు పీకి కొత్తవి వేయలేదు. పాడైపోయాయి, నిజమే. కానీ ఏ బోల్టు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. అసలు రంగు ఏది, ఏ తోలు వాడారు, వెల్డింగ్ ఎలా చేశారు, అన్నిటికీ సాక్ష్యం ఆ కారే.

దీని విలువ జనానికి మొదటి నుంచీ తెలుసా అంటే, తెలియదు. ఇరవయ్యో శతాబ్దంలో చాలా కాలం పాత కారంటే అద్దంలా మెరవాలి అనుకునేవాళ్లు. కొత్తప్పుడు కూడా అంత మెరిసి ఉండదు, అలా తయారు చేసేవాళ్లు. ఆ ఊపులో అసలు రంగులు, అసలు తోళ్లు చెత్తబుట్టలో పోయాయి. నెమ్మదిగా ఒక మాట పాకింది: కారుని ఎన్నిసార్లైనా రీస్టోర్ చేయొచ్చు, ఒరిజినల్‌గా మాత్రం అది ఒక్కసారే ఉంటుంది. అమెరికాలో పెబుల్ బీచ్ అనే చాలా పేరున్న కార్ల పోటీలో, మార్చకుండా కాపాడిన కార్లకి ప్రత్యేకంగా ఒక విభాగం పెట్టారు. 2013లో పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా ‘టూరిన్ చార్టర్’ అనే పత్రాన్ని ఆమోదించింది. అందులోని సారాంశం ఏంటంటే, పాత వాహనం ఒక చారిత్రక వస్తువు, ముందు కాపాడండి, తప్పనిసరైతేనే బాగుచేయండి అని. పాత గుడికి సున్నం కొట్టి శిల్పాలు కనపడకుండా చేయొద్దు అంటాం కదా, అదే ఆలోచన. రెండేళ్ల తర్వాత బయ్యోన్ కార్లు మార్కెట్‌లోకి వచ్చాయి. టైం అలా కలిసొచ్చింది.

ఈ ఆలోచన ఎంత దూరం వెళ్లిందో చూడండి. 1925 నాటి బుగాటీ బ్రెషా ఒకటి స్విట్జర్లాండ్‌లో మజోరె సరస్సు అడుగున దొరికింది. 1930ల్లో కస్టమ్స్ సుంకం కట్టలేదని అధికారులే దాన్ని నీళ్లలోకి దించేశారు. 1967లో డైవర్లు 50 మీటర్లకి పైగా లోతులో దాన్ని చూశారు. 2009 జులైలో బయటికి తీశారు. ఒక పక్క మొత్తం నీళ్లు తినేశాయి. దాన్ని 2010 జనవరిలో వేలం వేస్తే 2 లక్షల 60 వేల యూరోలు వచ్చాయి. కాలిఫోర్నియాలోని ఒక మ్యూజియం దాన్ని తీసుకుంది. బాగుచేయలేదు, అలాగే చూపించింది. ఇక దాన్ని ప్రాజెక్ట్ అని కూడా అనలేం, అది ఒక అవశేషం.

ఇప్పుడు రెండో ప్రశ్నకి వద్దాం. మామూలు మనిషి, మామూలు స్పోర్ట్స్ కారు.

బ్రిటన్‌లో ఎంజీబీ అని ఒక చిన్న ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు ఉండేది. 1962 నుంచి 1980 దాకా అబింగ్డన్ ఫ్యాక్టరీలో తయారైంది. 5 లక్షలకి పైగా కార్లు. చాలా భాగం అమెరికాకే వెళ్లాయి. అప్పటి కుర్రాళ్లకి అందుబాటు ధరలో దొరికిన స్పోర్ట్స్ కారు అది. ఇవాళ ప్రపంచంలో ఎక్కువగా రీస్టోరేషన్ మొదలుపెట్టే కార్లలో ఇదొకటి. మొదలుపెట్టి ఆపేసేవీ అంతే ఎక్కువ.

ఎందుకు ఆగిపోతాయి? ఈ కారుకి వేరే చాసిస్ లేదు, బాడీయే చాసిస్. దీన్ని మోనోకోక్ అంటారు. తలుపుల కింద పొడుగ్గా ఒక పెట్టెలాంటి భాగం ఉంటుంది, దాన్ని సిల్ అంటారు. కారు బలమంతా అందులో ఉంది. బ్రిటన్ వానలకి, చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పుకి మొదట తుప్పు పట్టేది అదే. పైకి చూస్తే చిన్న బుడగలా కనిపిస్తుంది. గీకితే వేలు దూరుతుంది. ఇంకా గీకితే చెయ్యి దూరుతుంది. సిల్ కోయాలంటే కింద సరైన ఊతం ఉండాలి, లేకపోతే కారు మధ్యలో వంగిపోయి తలుపులు మూసుకోవు. ఒక వారాంతంలో అయిపోతుందనుకున్న పని మూడేళ్లు పడుతుంది. ఈలోపు ఉద్యోగం మారుతుంది, పెళ్లవుతుంది, పిల్లలు పుడతారు, గ్యారేజీలో ఉయ్యాల పెట్టుకోవాల్సి వస్తుంది.

ఈ తుప్పు సమస్య ఎంత పెద్దదంటే, 1988లో బ్రిటిష్ మోటర్ హెరిటేజ్ అనే సంస్థ ఫ్యాక్టరీ నాటి అచ్చులతోనే ఎంజీబీ బాడీలు మళ్లీ కొత్తగా తయారు చేయడం మొదలుపెట్టింది. కారు ఆగిపోయిన ఎనిమిదేళ్లకి! ధైర్యం వచ్చి చాలామంది తమ కార్లు విప్పేశారు. కానీ కొత్త బాడీ కొన్నా దాంట్లో బిగించాల్సిన వేల ముక్కలు మనమే బిగించాలి కదా.

చివరికి ప్రకటన వస్తుంది. ఆగిన ప్రాజెక్ట్, అన్ని భాగాలూ ఉన్నాయి, టైం లేక అమ్ముతున్నాను. ఇక్కడే అమ్మేవాడి లెక్క ఒకటి, కొనేవాడి లెక్క ఇంకొకటి. ఒక ఊహ లెక్క చెప్తాను. పూర్తయితే 20 లక్షలకి పోయే కారు అనుకుందాం. ఇంకా 12 లక్షల పని ఉంది. అమ్మేవాడు ఏమనుకుంటాడు? 20లో 12 పోతే 8, నాకు 8 రావాలి అని. పైగా నేను ఇప్పటికే 10 పెట్టాను అంటాడు. కొనేవాడు ఏమనుకుంటాడు? ఈయన 12 అన్నాడంటే నాకు 15 అవుతుంది, డబ్బాలో ఏ ముక్క లేదో తెలీదు, రెండేళ్లు నా శ్రమ, నేను కూడా మధ్యలో ఆపేస్తే? అందుకని 3 ఇస్తానంటాడు. మనం పెట్టిన ఖర్చు మనకి జ్ఞాపకం, అవతలి వాడికి అది ధర కాదు. ఈ మాట చేదుగా ఉంటుంది కానీ పాత కార్ల మార్కెట్ నడిచేదే దీని మీద.

మరి బయ్యోన్ కార్లకీ దీనికీ తేడా ఎక్కడుంది? విప్పని కారు తన గురించి తనే చెప్పుకుంటుంది. విప్పేసిన కారు గురించి చెప్పాల్సింది విప్పిన మనిషే. ఏ బోల్టు ఎక్కడిదో ఆయన బుర్రలో ఉంటుంది. రెండేళ్లు గడిస్తే ఆయనే మర్చిపోతాడు. అప్పుడు మిగిలేది ఇనుప ముక్కలున్న ఇరవై అట్టపెట్టెలు. అందుకే ఒకే మోడల్, ఒకే తుప్పు ఉన్నా, చెయ్యి పెట్టని కారు కంటే సగం విప్పిన కారు చాలాసార్లు తక్కువకి పోతుంది. పని చేసినందుకు రేటు పెరగాలి కదా అనిపిస్తుంది. పెరగదు, ఎందుకంటే పోయింది సమాచారం.

ఆ సమాచారంలో అన్నిటికంటే విలువైనవి కాగితాలు. దీనికి ఒక భయంకరమైన ఉదాహరణ ఉంది. 1954 నాటి ఫెరారీ 375 ప్లస్, రేసుల కోసం అతి కొద్ది సంఖ్యలో చేసిన కారు. 1958లో అమెరికాలో ఒహాయోకి చెందిన ఒకాయన కొని తన స్థలంలో పెట్టుకున్నాడు. ఏళ్ల తరబడి అది ఆరుబయటే ఉంది. 1980ల్లో దొంగతనానికి గురైంది. సముద్రం దాటి బెల్జియం చేరింది, తర్వాత పూర్తిగా బాగైంది. కానీ కొన్ని అసలు భాగాలు, హక్కు మాదేనన్న వాదన అమెరికాలోనే ఉండిపోయాయి. ఇరుపక్షాల మధ్య రాజీ కుదిరి 2014 జూన్‌లో ఇంగ్లాండ్‌లోని గుడ్‌వుడ్‌లో వేలం వేస్తే 1 కోటి 7 లక్షల పౌండ్లు పలికింది. అయినా గొడవ తెగలేదు, మళ్లీ కోర్టులకి వెళ్లింది. ఆ స్థాయి కారే కాగితాల దగ్గర అంత ఇబ్బంది పడితే మామూలు కారు సంగతి చెప్పాలా? ఎంజీ లాంటి బ్రిటిష్ కార్లకి ఒక సౌకర్యం ఉంది. గేడన్‌లోని బ్రిటిష్ మోటర్ మ్యూజియం ఫ్యాక్టరీ రికార్డులు చూసి, ఈ చాసిస్ నంబర్ కారు ఏ రోజు తయారైంది, ఏ రంగు, ఏ ఇంజన్ నంబర్ అని సర్టిఫికెట్ ఇస్తుంది.

మన దేశంలో కూడా ఈ విషయం ఇప్పుడు చట్టంలోకి వచ్చింది. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న కార్లకి, బైకులకి ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఉంది. నంబర్‌లో వీఏ అక్షరాలు వస్తాయి. తాతగారి పాత బండి ఇంట్లో ఉంటే, ఇంజన్ తీసి ఇంకోటి పెట్టించే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఇక అసలు విషయం. ఆగిపోయిన ప్రాజెక్ట్ అమ్మడం ఓటమా? చరిత్ర చూస్తే అలా అనిపించదు. ఇంగ్లాండ్‌లో న్యూకాసిల్ దగ్గర ఒక డాక్టర్ గారి గ్యారేజీలో 1937 నాటి బుగాటీ 57ఎస్ అటలాంట్ ఉండేది. దాని మొదటి యజమాని ఎర్ల్ హౌ అనే పేరున్న రేసర్. డాక్టర్ గారు 1955లో కొన్నారు, 1960ల మొదట్లో లోపల పెట్టి తలుపు వేశారు. తర్వాత దాదాపు యాభై ఏళ్లు అది కదల్లేదు. కొంటామని అడిగినవాళ్లు ఉన్నారు, ఆయన ఇవ్వలేదు. ఆయన పోయాక 2009లో వారసులు అమ్మితే 34 లక్షల యూరోలు వచ్చాయి. కొత్త చేతుల్లో ఆ కారు మళ్లీ రోడ్డెక్కింది. 2020లో ఇంకోసారి అమ్మితే 78 లక్షల పౌండ్లు దాటింది. యాభై ఏళ్లు పొడిగా, మొత్తంగా దాచినందుకు ఆ డాక్టర్‌కి దండం పెట్టాలి. కానీ దాని ఇంజన్ శబ్దం మళ్లీ వినిపించింది అది చేతులు మారాకే.

బయ్యోన్ విషయంలో రెండూ ఉన్నాయి. ఆయన లేకపోతే ఆ కార్లు 1950ల్లోనే కొలిమిలో కరిగిపోయేవి. అది ఆయన పుణ్యం. కానీ గోడల్లేని షెడ్ల కింద వానకి తడిసి, బాగుచేయడానికి వీల్లేనంత పాడైనవి కూడా అక్కడే ఉన్నాయి. తను పూర్తి చేయలేనని తెలిశాక కూడా పట్టుకుని కూర్చున్న ప్రతి ఏడాదీ ఆ రేకులు కొంచెం కొంచెం రాలాయి. ప్రేమతో దాచుకున్నా తుప్పు ఆగదు కదండీ.

కాబట్టి మీ దగ్గర గానీ, మీకు తెలిసినవాళ్ల దగ్గర గానీ ఇలా ఆగిన బండి ఉంటే, అది కారు కావచ్చు, పాత బైక్ కావచ్చు, మూడు పనులు చేయండి. ఒకటి, విప్పే ముందు ప్రతి అడుగూ ఫోన్‌లో ఫొటో తీయండి. బయ్యోన్ కాలంలో లేని సాధనం మన జేబులో ఉంది. రెండు, తీసిన ప్రతి ముక్కనీ కవర్‌లో వేసి పేరు రాయండి, పాతదని దేన్నీ పారేయొద్దు. మూడు, ఆర్‌సీ, బిల్లులు, పాత ఫొటోలు అన్నీ ఒక ఫైల్‌లో పెట్టండి. ఇక అమ్మాల్సి వస్తే ఏం చేశారో, ఏం చేయలేదో, ఏం పోయిందో ఉన్నదున్నట్టు రాసి ఇవ్వండి. రేటు కొంచెం తగ్గినా ఫర్వాలేదు. ఆ కాగితం ఉంటే తర్వాతి మనిషి మీరు ఆపిన చోటు నుంచి మొదలుపెడతాడు. లేకపోతే సున్నా నుంచి మొదలుపెట్టి, బహుశా మీరు ఆగిన చోటే మళ్లీ ఆగుతాడు.

ఇవాళ మ్యూజియాల్లో మెరుస్తున్న పాత కార్లలో చాలావాటి వెనక ఇలా మధ్యలో ఆపి, ముక్క పోకుండా ఇంకొకరి చేతిలో పెట్టిన మనుషులు ఉన్నారు. వాళ్ల పేర్లు బోర్డు మీద ఉండవు. కానీ కారు ఉంది.

ఇవాళ్టికి ఇంతే అండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.